సాయంత్రపు ఏడుపు, కక్కిన పాలు, మూడు డబ్బాలు

అంబాజీపేట దగ్గరి ఒక గ్రామం నుంచి ఒక బాలింత నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. తొలి కాన్పు, ఇంకా పుట్టింట్లోనే ఉన్నారు. నెలలు నిండి, 2.8 కిలోల బరువుతో పుట్టిన మగబిడ్డకు ఇప్పుడు తొమ్మిది వారాలు. మూడో వారం నుంచి రోజూ దీపాలు పెట్టే వేళకు ఏడుపు మొదలై రాత్రి తొమ్మిదిన్నర దాకా సాగుతోందని, కాళ్లు పొట్టలోకి ముడుచుకుని, ముఖం కందగడ్డ చేసుకుని గుక్కపట్టి ఏడుస్తాడని, ఎత్తుకున్నా ఉయ్యాలలో వేసినా ఊరుకోడని రాశారు. పాలు చాలకే ఏడుస్తున్నాడని ఇంట్లో పెద్దవాళ్లు తేల్చడంతో ఆ వారం చివర్లోనే డబ్బాపాలు మొదలుపెట్టారు. ఏడుపు తగ్గకపోగా తాగిన ప్రతిసారీ కక్కడం మొదలైంది. ఒకసారి పాలుగానే, ఒకసారి పెరుగు విరిగినట్టుగా, రెండుసార్లు ముక్కులోంచి కూడా వచ్చాయట.

ఐదో వారంలో మందుల షాపులో చెబితే, కక్కే పిల్లలకు వేరే రకం ఉంటుందని, కలిపితే చిక్కబడే పాలపొడి డబ్బా ఇచ్చారు; రెండు డబ్బాలు తీసుకుంటే తగ్గింపు అని కూడా అన్నారు. దానితో కక్కడం కొంత తగ్గింది. కానీ పాలు సీసా పీకలోంచి దిగక బిడ్డ ఆయాసపడుతుంటే కత్తెరతో పీక రంధ్రం పెద్దది చేశారు. విరేచనం రెండు రోజులకోసారి, అదీ గట్టిగా అవుతోంది. సాయంత్రపు ఏడుపు మాత్రం అలాగే ఉంది. ఎనిమిదో వారంలో పక్కింటావిడ సలహాతో లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, లేని మూడో డబ్బాకు మారారు. పాలు చిక్కగా ఉంటే కడుపులో నిలుస్తాయని నాలుగు చెంచాల చోట ఐదు వేస్తున్నారు, ఆ చెంచా కూడా మొదటి డబ్బాదే. ప్రస్తుతం పగలు ఆరుసార్లు 120 మి.లీ. చొప్పున సీసా పాలు, రాత్రి మూడు నాలుగుసార్లు తల్లిపాలు. రాత్రి పాలు తాగాక కక్కడం దాదాపు లేదనీ, హాయిగా నిద్రపోతాడనీ ఒక మూల చిన్నగా రాశారు. మొన్న ఏఎన్ఎం తూచినప్పుడు బరువు 4.7 కిలోలు.

భర్త కువైట్‌లో ఉన్నారు. వీడియో కాల్‌లో రోజూ ఆ ఏడుపు విని తట్టుకోలేక, అక్కడ ఒక స్నేహితుడి బిడ్డకు పనిచేసిన ఎలర్జీ డబ్బాను ఊరికి వచ్చేవాళ్లతో పంపుతానంటున్నారు. అమ్మ వస అరగదీసి నాలుకకు రాస్తానంటున్నారు, ఆముదం పట్టిద్దామంటున్నారు. అత్తగారు ఫోన్‌లో, కోడలు పథ్యం చేయకుండా శనగపప్పు తిన్నందుకే ఇదంతా అంటున్నారు. శ్రావణంలో అత్తవారింటికి, గోదావరి వైనతేయ పాయ అవతలి లంక గ్రామానికి వెళ్లాలి. ఏ డబ్బా సరైనది, తనకున్న కొద్దిపాటి పాలు కూడా పోతాయా, ఈ ఏడుపు తన తప్పేనా అన్నవి ఆమె ప్రశ్నలు. చివరి వాక్యం ఇది: “అయిదు గంటలయ్యేసరికి గుండె దడ మొదలవుతోంది, ఒక్కోసారి వాణ్ణి మంచం మీద అలాగే వదిలేసి తోటలోకి పారిపోవాలనిపిస్తోంది.”

అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఈ ఏడుపు మీ తప్పు కాదు. మీరు తిన్న శనగపప్పుదీ తప్పు కాదు, మీ పాలదీ కాదు. రెండో వారమో మూడో వారమో మొదలై, ఆరో వారం ప్రాంతంలో తీవ్రమై, మూడు నాలుగు నెలలు నిండేసరికి దానంతట అదే తగ్గిపోయే ఈ ఏడుపును వైద్యులు కోలిక్ అంటారు. 1954లో వెసెల్ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు దీనికొక కొలత పెట్టారు: రోజుకు మూడు గంటలు మించి, వారానికి మూడు రోజులు మించి, మూడు వారాలు మించి ఏడవడం. కడుపు, పేగుల ఇబ్బందులను గుర్తించడానికి నిపుణులు పెట్టుకున్న రోమ్ ప్రమాణాలు, 2016లో వచ్చినవి, ఆ గంటల లెక్కను పక్కన పెట్టి, జ్వరం, జబ్బు లేకుండా, బరువు సరిగా పెరుగుతూ, పైకి ఏ కారణమూ కనబడకుండా, పెద్దలు ఊరుకోబెట్టలేనంతగా పదేపదే ఏడ్చే ఐదు నెలల లోపు బిడ్డ గురించి మాట్లాడతాయి. తల్లిపాలు తాగే పిల్లల్లోనూ పోతపాలు తాగే పిల్లల్లోనూ ఇది కనిపిస్తుంది. కాళ్లు ముడుచుకోవడం, ముఖం ఎర్రబడటం చూసి మనం కడుపునొప్పి అంటాం గానీ, ఏ కారణంతో ఏడ్చినా పసిబిడ్డ అలాగే ముడుచుకుంటాడు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైన మాట ఏఎన్ఎం తూచిన బరువు. పుట్టినప్పుడు 2.8, అరవై మూడు రోజులకు 4.7. అంటే 1.9 కిలోలు పెరిగాడు, సగటున రోజుకు ముప్పై గ్రాములు. మొదటి మూడు నెలల్లో రోజుకు పాతిక నుంచి ముప్పై గ్రాములు పెరిగితే మాకు సంతోషం. ఈ బిడ్డ ఆకలితో మాడుతున్న బిడ్డ కాడు. మూడో వారంలో డబ్బా మొదలుపెట్టే ముందు బరువు ఎంత ఉందో మీరు రాయలేదు. మాతా శిశు రక్షణ కార్డులో ఉంటే ఒకసారి చూడండి. పుట్టిన బరువును రెండు వారాల లోపు తిరిగి అందుకుని ఉంటే, ఆనాడు కూడా మీ పాలు చాలినట్టే. సాయంత్రం వేళ చనులు మెత్తబడినట్టుండటం, బిడ్డ అరగంటకోసారి రొమ్ముకు ఎగబడటం ఎక్కువమంది బాలింతలకు జరిగేదే. దాన్ని పాలు లేకపోవడంగా అనుకుని డబ్బా తెరిచిన ఇళ్లను ఈ డెల్టాలో ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను.

ఇక్కడే మీ కథకు చిక్కుముడి పడింది. ఏడుపు ఒకటి, కక్కడం మరొకటి. ఏడుపు కోసం మొదటి డబ్బా వచ్చింది. ఆ డబ్బాతో కక్కడం వచ్చింది. కక్కడం కోసం రెండో డబ్బా వస్తే మలబద్ధకం వచ్చింది. దానికీ ఏడుపుకీ కలిపి మూడో డబ్బా వచ్చింది. ఇప్పుడు నాలుగోది విమానం ఎక్కబోతోంది. ప్రతి డబ్బా తనకు ముందున్న డబ్బా తెచ్చిన ఇబ్బందికి జవాబుగా వచ్చింది తప్ప, బిడ్డను కూర్చోబెట్టి చూసి ఎంచుకున్నది కాదు.

ముందు కక్కడం సంగతి చూద్దాం. అన్ననాళం జీర్ణాశయంలో కలిసే చోట ఒక కండరపు బిగింపు ఉంటుంది. పసిబిడ్డల్లో అది తరచుగా సడలుతుంది. ఆహారమంతా ద్రవమే, రోజంతా పడుకునే ఉంటారు, అందుకే పాలు పైకి తన్నుకొస్తాయి. మొదటి నెలల్లో దాదాపు సగం మంది పిల్లలు రోజుకు ఒకసారైనా కక్కుతారు. నాలుగో నెల ప్రాంతంలో ఇది ఎక్కువై, కూర్చోవడం, గట్టి ఆహారం తినడం వచ్చాక తగ్గుతూ, ఏడాది నిండేసరికి చాలామందికి పూర్తిగా పోతుంది. పెరుగులా విరిగి రావడమంటే పాలు కడుపులో కాసేపు ఉండి అరగడం మొదలైందని అర్థం, పాలు చెడిపోయాయని కాదు. కక్కినది ఎంతో మీ కళ్లతో మీరే కొలవండి. ఒక పాత నూలు పంచె ముక్కను మడిచి, దాని మీద ఒక టీ చెంచాడు పాలు, అంటే 5 మి.లీ., ఒలకబోయండి. అనుకున్నదానికంటే పెద్ద మరక పడుతుంది. పక్కనే రెండు చెంచాలు పోయండి. తర్వాత బిడ్డ కక్కిన గుడ్డను వాటి పక్కన పెట్టి చూడండి. తాగినదంతా కక్కేశాడు అని రోజూ అనుకుంటున్నది చాలాసార్లు రెండు చెంచాల లోపే ఉంటుంది.

ఇప్పుడు ఈ బిడ్డ ఎందుకు ఇంతగా కక్కుతున్నాడో లెక్క వేద్దాం. పూర్తిగా పోతపాల మీద ఉన్న బిడ్డకు ఈ వయసులో కిలో బరువుకు రోజుకు సుమారు 150 మి.లీ. చాలు. 4.7 కిలోలకు అది 705 మి.లీ. మీరు పగలు ఇస్తున్న ఆరు సీసాలే 720 మి.లీ. రోజంతటికీ సరిపడే పాలు పగలే పట్టేసి, రాత్రి మళ్లీ మూడు నాలుగుసార్లు తల్లిపాలు ఇస్తున్నారు. పైగా రంధ్రం కత్తిరించిన పీకలోంచి పాలు ధారగా దూకుతుంటే మింగక తప్పదు. పాలతో పాటు గాలీ మింగుతాడు. నిండుకుండ తొణకదంటారు గానీ నిండిన పసికడుపు తొణుకుతుంది. రాత్రి మీ పాలు తాగినప్పుడు కక్కకపోవడానికి కారణం కూడా ఇదే కావచ్చు: రొమ్ము దగ్గర తనకు కావలసినంతే తాగి వదిలేస్తాడు, సీసా దగ్గర ఖాళీ అయ్యేదాకా మనం పట్టిస్తాం.

ఐదో చెంచా విషయంలో మాత్రం కొంచెం గట్టిగానే చెబుతున్నాను, ఈ రోజే మానేయండి. పాలపొడి ఎక్కువైతే నీటి వంతు తగ్గి, ఉప్పులూ మాంసకృత్తులూ మోతాదు మించి, పసివాడి మూత్రపిండాల మీద భారం పడుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, విరేచనం గట్టిపడుతుంది. ఒక డబ్బా చెంచాను ఇంకో డబ్బాలో వాడటం కూడా అంతే ప్రమాదం, ఎందుకంటే ఆ చెంచా ఆ పొడికే కొలిచి చేసినది. చెంచాను పొడిలో ముంచి, గుట్టగా కాకుండా, నొక్కకుండా, పైన కత్తి వెనుక వైపుతో చదును చేసి వేయాలి. ముందు నీళ్లు కొలిచి పోయాలి, తర్వాత పొడి. నీళ్లు కాలువవైనా, బోరువైనా, క్యాన్‌లో వచ్చే ఆర్వో నీళ్లైనా సలసల మరగాల్సిందే. పాలపొడిలోనూ సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉంది కనుక, మరిగిన నీళ్లను అరగంటకు మించి చల్లారనివ్వకుండా, కనీసం 70 డిగ్రీల వేడిలో కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కలిపాక బిడ్డకు పట్టేంతగా చల్లార్చి వెంటనే పట్టాలి. రెండు గంటలు దాటినవి, తాగగా మిగిలినవి పారబోయాలి.

డబ్బాల గురించి మాట్లాడే ముందు, ఏవి కనిపిస్తే నా ఉత్తరం పక్కన పెట్టి బయలుదేరాలో చెప్పాలి. తొలిచూలు మగబిడ్డల్లో, రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య, జీర్ణాశయం కింది ద్వారం దగ్గరి కండరం దళసరెక్కి పాలు కిందికి దిగకుండా చేసే జబ్బు ఒకటి ఎక్కువగా కనిపిస్తుంది. అందులో పాలు కారవు, పిచికారీలా దూరంగా ఎగజిమ్ముతాయి, కక్కిన వెంటనే బిడ్డ మళ్లీ ఆకలితో నోరు తెరుస్తాడు, బరువు నిలిచిపోతుంది. మీ బిడ్డ బరువు చూస్తే అలా అనిపించడం లేదు, కానీ అలాంటి వాంతి మొదలైతే ఆలస్యం చేయకూడదు. ఆకుపచ్చని వాంతి ఒక్కసారైనా సరే అత్యవసరమే. పేగు మెలిపడి ఉండవచ్చు, పిల్లల శస్త్రవైద్యులున్న కాకినాడకో రాజమహేంద్రవరానికో 108లో వెళ్లాలి. వాంతిలో గానీ విరేచనంలో గానీ రక్తం, ఉబ్బి గట్టిపడిన పొట్ట, 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, పాలు ముట్టకుండా మగతగా పడి ఉండటం, మాడు ఉబ్బటం, మూత్రం బాగా తగ్గడం, ఇవన్నీ అదే రోజు వైద్యుడికి చూపించాల్సినవి. ఎప్పటిలా కాకుండా ఒక్కసారిగా కీచుగా ఏడిస్తే బట్టలన్నీ విప్పి చూడండి: గజ్జలో వాపు ఉందేమో, కాలివేలికి తల వెంట్రుక చుట్టుకుని బిగిసిందేమో. మనం ఎంత వెతికినా కనబడని ఏడుపు వెనుక ఒక్కోసారి ఆ ఒక్క వెంట్రుకే ఉంటుంది.

ఇక డబ్బాలు. చిక్కబడే రకంలో మామూలు పాలపొడికి కేరబ్ గింజల జిగురో, బియ్యపు పిండో, మొక్కజొన్న పిండో ఫ్యాక్టరీలోనే కలుపుతారు. పాలు బరువెక్కి కడుపులో నిలుస్తాయి, కంటికి కనిపించే కక్కడం తగ్గుతుంది. ఆ పని అది నిజంగానే చేస్తుంది, మీ ఇంట్లోనూ చేసింది. అయితే కోలిక్ ఏడుపును తగ్గించడం దాని పని కాదు. పిండి కలిపిన రకాలతో కొందరికి విరేచనం గట్టిపడుతుంది. మీ బిడ్డకు ఆ డబ్బా తర్వాత ఎక్కువ చెంచాలు కూడా పడ్డాయి కనుక తప్పు ఏ ఒక్కదానిదో అనలేను. లాక్టోజ్ లేని డబ్బా మీ బిడ్డకు ఎందుకో నాకు అర్థం కాలేదు. మీ చనుబాలలో ప్రతి 100 మి.లీ.కి సుమారు ఏడు గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. రాత్రి అవే తాగి హాయిగా నిద్రపోతున్న బిడ్డకు లాక్టోజ్ పడదని ఎలా అంటాం? పుట్టుకతో లాక్టోజ్ అరగకపోవడం చాలా అరుదు. విరేచనాల జబ్బు తర్వాత కొన్నాళ్లు తాత్కాలికంగా అరగకపోవచ్చు, ఆ డబ్బా అవసరం సాధారణంగా అప్పుడే.

కోలిక్ కోసమే అంటూ మరో రకం కూడా మీకు చూపించవచ్చు: మాంసకృత్తులను కొంతవరకు ముక్కలు చేసి, లాక్టోజ్ తగ్గించి, పేగుకు మేలు చేసే పీచుపదార్థాలు కలిపినది. దానితో ఏడుపు తగ్గిందన్న అధ్యయనాలు కొన్ని ఉన్నాయి గానీ, అందరికీ ఇవ్వమని చెప్పగలిగేంత బలమైనవి కావు. ఇందులో ఒక కిటుకుంది. కోలిక్ ఆరో వారం దాటాక ఎలాగూ దిగుముఖం పడుతుంది. ఎనిమిదో వారంలో ఏ డబ్బా మార్చినా పన్నెండో వారానికి ఆ డబ్బాకు పేరొస్తుంది. కువైట్‌లో మీవారి స్నేహితుడి బిడ్డ ఊరుకున్నది డబ్బా వల్లో, నెలలు నిండడం వల్లో ఎవరు చెప్పగలరు?

కువైట్ నుంచి రాబోయే ఎలర్జీ డబ్బాలో ఆవుపాల మాంసకృత్తులను బాగా చిన్న ముక్కలుగా విడగొడతారు. ఆవుపాల ఎలర్జీ నిజంగా ఉన్న బిడ్డకు అది అమూల్యం. విరేచనంలో రక్తం లేదా జిగురు, ఒంటి మీద మానని గజ్జి లాంటి దద్దుర్లు, పెరగని బరువు, ఆగని వాంతులు, ఇంట్లో తల్లిదండ్రులకు ఆస్తమా ఎలర్జీలు, ఇవి ఉంటే వైద్యుడు దాన్ని ఆలోచిస్తారు. మీ ఉత్తరంలో ఇవేవీ లేవు. అనుమానం వచ్చినా రెండు నుంచి నాలుగు వారాలు ఇచ్చి, తగ్గితే మళ్లీ పాత పాలు ఇచ్చి చూసి నిర్ధారించుకోవాలి. ఆ రెండో అడుగు వేయనివాళ్లు అవసరం లేని ఖరీదైన డబ్బాకు నెలల తరబడి కట్టుబడిపోతారు. రుచి చేదు, చాలామంది పిల్లలు మొదట మొహం తిప్పుకుంటారు. ఎలర్జీ ఉన్న బిడ్డకు లాక్టోజ్ లేని డబ్బా గానీ, చిక్కటి డబ్బా గానీ, కొంతవరకే ముక్కలు చేసినది గానీ పనికిరావు, వాటిలో ఆ మాంసకృత్తులు ఉంటాయి. గేదెపాలు, మేకపాలు కూడా దానికి ప్రత్యామ్నాయం కావు. అసలు ఎలర్జీ లేకపోయినా ఏడాది లోపు బిడ్డకు తల్లిపాల స్థానంలో వాటిని పట్టకూడదు.

ఇంక మీ ముందున్న దారులు. నేనైతే మొదట డబ్బా మార్చడం ఆపి, ఉన్నదాన్ని సరిచేయడం మేలంటాను. అంటే మూడో డబ్బా పక్కన పెట్టి మొదట వాడిన మామూలు పాలపొడికి, దాని సొంత చెంచాకు, దాని మీద రాసిన కొలతకు తిరిగి రావడం; కత్తిరించిన పీకను పారేయడం; పగలు కూడా ప్రతిసారీ ముందు రెండు రొమ్ములూ పట్టి, ఆ తర్వాతే 120 బదులు 90 మి.లీ. ఇవ్వడం, వద్దన్నప్పుడు ఆపేయడం. మూడు నాలుగు రోజులు గడిచాక 60కి దిగవచ్చు. తాగే కొద్దీ పాలు పడతాయి. ఆరు వారాలుగా పగలు బిడ్డ తాగక మీ పాలు తగ్గి ఉంటాయి గానీ ఎండిపోలేదు, రాత్రి వాడు తాగుతున్నాడు కదా. సీసాకు బదులు ఉగ్గుగిన్నె వాడితే మరీ మంచిది. మీ అమ్మగారికి ఆ నేర్పు ఉండే ఉంటుంది. బిడ్డ తల ఎత్తి పట్టుకుని, గిన్నె మూతి పెదవికి ఆనించి, కొద్దికొద్దిగా వంచాలి. ఈ దారిలో కష్టం లేకపోలేదు. మొదటి నాలుగు రోజులు బిడ్డ విసుక్కుంటాడు, మీరు పగలంతా కూర్చునే ఉండాలి, పూర్తిగా తల్లిపాలకు రాకపోనూ వచ్చు. రెండు పూటల సీసా మిగిలిపోయినా అది ఓటమి కాదు. ఇలా తగ్గిస్తున్నన్నాళ్లూ వారానికోసారి తూచాలి, రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తున్నాడో లేదో చూడాలి. బరువు రోజుకు ఇరవై గ్రాముల కంటే తక్కువ పెరుగుతుంటే తగ్గించడం ఆపి పిల్లల వైద్యుడిని కలవాలి.

కొలత సరిచేశాక, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పట్టినా కక్కడం మిమ్మల్ని బాధిస్తూనే ఉంటే, అప్పుడు వైద్యుడితో మాట్లాడి చిక్కటి డబ్బాను ఒకటి రెండు వారాలు ప్రయత్నించవచ్చు. అది రెండో దారి, తప్పు దారి కాదు. అప్పుడు దానికి తగిన పీక కొనాలి, కత్తెర కాదు. దాన్ని కలపాల్సిన వేడి కొన్ని రకాలకు వేరుగా ఉంటుంది కనుక డబ్బా మీద ఉన్నట్టే చేయాలి. ఆమ్లం తగ్గించే చుక్కలు ఏవైనా వాడుతుంటే వైద్యుడికి ముందే చెప్పాలి. రెండు వారాల్లో తేడా కనబడకపోతే ఆపేయాలి. దాని వల్ల నష్టం ఏమిటంటే, సీసా మళ్లీ పెద్దదవుతుంది, మీ పాల వాటా తగ్గుతుంది. ఇంట్లోనే బియ్యప్పిండో రాగిపిండో కలిపి చిక్కబరచడం మాత్రం వద్దు.

ఏమీ మార్చకుండా ఊరుకోవడం కూడా ఒక దారే అని కొందరు తల్లులకు చెబుతుంటాను. కక్కుతూ నవ్వే బిడ్డకు మందు అక్కర్లేదు, నాలుగు గుడ్డలు ఎక్కువ ఉతుక్కుంటే చాలు. కానీ మీ విషయంలో ఐదో చెంచా, కత్తిరించిన పీక ఉన్నాయి కనుక అలాగే వదిలేయమనలేను.

మందుల షాపు తగ్గింపు గురించి ఒక మాట. మన దేశంలో 1992లో చేసి 2003లో సవరించిన శిశుపాల ప్రత్యామ్నాయాల చట్టం ప్రకారం ఈ పాలపొడులకు ప్రకటనలు ఇవ్వకూడదు, తల్లులకు ఉచిత నమూనాలు, బహుమతులు, అమ్మకాలు పెంచే తాయిలాలు ఇవ్వకూడదు, డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ వేయకూడదు. ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, అలసిపోయిన తల్లికి సాయంత్రం ఏడు గంటలకు ఏ డబ్బా చూపించినా కొంటుంది కనుక. ఏ ప్రత్యేక డబ్బా అయినా బిడ్డను చూసిన వైద్యుడి చీటీతోనే కొనండి.

పెద్దవాళ్ల చిట్కాల్లో, పొట్ట మీద గోరువెచ్చని ఆముదంతో మెల్లగా నిమరడం, బొడ్డు చుట్టూ ఇంగువ రాయడం వల్ల నష్టం లేదు, అమ్మమ్మ చేతి వెచ్చదనం బిడ్డకు హాయే. ఆముదాన్ని నోట్లో పోయవద్దు, అది విరేచనకారి. వస వాంతులు తెప్పించగలదు. కక్కే బిడ్డకు అసలే వద్దు. తేనె ఏడాది నిండేదాకా నాలుకకు తాకించకూడదు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. షాపుల్లో కడుపునొప్పి చుక్కలంటూ ఇచ్చేవాటిలో డైసైక్లోమైన్ అనే మందు ఉందేమో చూడండి, ఆరు నెలల లోపు పిల్లల్లో అది ఊపిరికే ముప్పు. గ్యాస్ కోసం ఇచ్చే సైమెథికోన్ చుక్కలు హాని చేయవు గానీ కోలిక్‌కు పనిచేసిన దాఖలా లేదు. లాక్టోబాసిల్లస్ రూటరీ అనే మేలుచేసే సూక్ష్మజీవి చుక్కలతో తల్లిపాలు తాగే పిల్లల్లో ఏడుపు కొంత తగ్గిందన్న ఆధారాలు ఉన్నాయి. మీరు తల్లిపాలు పెంచుకోగలిగితే దాని సంగతి వైద్యుడిని అడగండి. మీ అత్తగారితో వాదన వద్దు. పప్పు, కూరలు, పండ్లు, దాహమైనన్ని నీళ్లు మీకు కావాలి, పాలు పడాలంటే బాలింత కడుపు నిండాలి అని నా మాటగా చెప్పండి.

నూనె రాసి కాళ్ల మీద పడుకోబెట్టి పోసే స్నానం పాలు పట్టక ముందే పెట్టుకోండి. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ మానేయండి. పాలు తాగాక ఇరవై, ముప్పై నిమిషాలు భుజాన నిలువుగా ఎత్తుకుని త్రేన్పు తీయించండి, పడుకోబెట్టేటప్పుడు మాత్రం కక్కే బిడ్డనైనా సరే వెల్లకిలానే, దిండు లేకుండా పడుకోబెట్టండి. సాయంత్రం ఏడుపు మొదలైనప్పుడు ముందు రొమ్ము అందించండి. అప్పటికీ ఆగకపోతే గది మసక చేసి, ఒంటికి హత్తుకుని నడవండి, ఎప్పుడూ ఒకటే పాట పాడండి, గాలి ఆడే వరండాలో తిప్పండి. ఇవి ఏడుపును పూర్తిగా ఆపవు, కానీ బిడ్డ ఒంటరిగా ఏడవడు.

తోటలోకి పారిపోవాలనిపిస్తోందని రాశారే, వెళ్లండి. సిగ్గుపడవద్దు. బిడ్డను వెల్లకిలా భద్రంగా పడుకోబెట్టి, అమ్మ చేతికి అప్పగించి, పది నిమిషాలు కొబ్బరి చెట్ల కింద నిలబడి రండి. విసుగు తారాస్థాయికి వెళ్లినప్పుడు బిడ్డను గట్టిగా ఊపేయడం, కుదపడం మాత్రం ఎవరూ చేయకూడదు, ఆ కుదుపుకు మెదడులో రక్తస్రావం కావచ్చు. ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పండి. ఏడుపు లేని వేళల్లో కూడా దిగులుగా, నిద్ర పట్టకుండా, బిడ్డ మీద ప్రేమ పుట్టనట్టుగా అనిపిస్తుంటే అది బాలింత దిగులు, దానికి వైద్యం ఉంది. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. మీవారికి సాయంత్రం కాల్ కాకుండా, బిడ్డ నవ్వే పొద్దుటి వేళ కాల్ చేయమని చెప్పండి. డబ్బా డబ్బులు దాచి, పాలు పెరిగేదాకా మీకు తోడుగా ఒక మనిషిని పెట్టమనండి.

శ్రావణం ప్రయాణం గురించి. లంకల సంగతి మీకు నేను చెప్పాలా? గోదావరికి ఎర్రనీళ్లు వచ్చి కాజ్‌వే మునిగితే పడవే దిక్కు. 2022 జూలై వరదల్లో లంకల వాళ్లు రోజుల తరబడి ఎలా గడిపారో అందరం చూశాం. అమలాపురంలోనో ఇంకా దూరంలోనో మాత్రమే దొరికే ప్రత్యేక డబ్బా మీద బిడ్డ ఆధారపడి ఉంటే, వరద నాలుగు రోజులు నిలిచినా ఇబ్బందే. పైగా ఆ రోజుల్లో మంచినీళ్లు, వంటచెరకు, గ్యాస్ అన్నీ కరువే. మీ పాలు ఎంత పెరిగితే అంత ధైర్యం. వీలైతే ప్రయాణం ఐదో నెలకు వాయిదా వేయమని అత్తగారిని అడగండి. తప్పదంటే, మామూలు పాలపొడి ఒక తెరవని డబ్బా, ఉగ్గుగిన్నె, మరిగించి చల్లార్చడానికి మూతున్న గిన్నె వెంట తీసుకెళ్లండి.

వచ్చే వారం పది వారాల టీకా ఉంది. ఆ రోజు సూది వేయించే ముందే బట్టలు తీసి తూచమని ఏఎన్ఎంను అడిగి, ఆ అంకెను కార్డులో రాయించి, ఆ వారంలో రోజూ ఎన్ని మి.లీ. సీసా పాలు తాగాడో, ఎన్నిసార్లు రొమ్ము పట్టాడో, ఎన్ని గుడ్డలు తడిపాడో ఒక కాగితం మీద రాసుకుని నాకు మళ్లీ ఉత్తరం రాయండి.